ఒద్దు

పోయిన ఎండాకాలం నాకు ఏడుపు బందైంది.

మీకు నవ్వులాట లెక్క అనిపిస్తది గని, ఏడుపే నా బతుకుదెరువు. నేను డబ్బింగ్ చెప్త. తెలుగు రాని హీరోయిన్లు తెర మీద పెదవులాడిస్తరు, ఫిల్మ్‌నగర్ల అద్దాల గదిల నిలవడి నేను వాళ్ళకు గొంతిస్త. మాటలు ఎవరన్న చెప్తరు. వెక్కుడు, మూలుగుడు, కడుపులకెల్లి వచ్చే కేక, గవి చెప్పేటోళ్ళు తక్కువ. గందుకే ఏడుపు సీను పెద్దగుంటె భువనను పిలువుండ్రి అంటుండిరి.

ఈ ముచ్చట నేను నా షేక్‌పేట తెలుగులనే చెప్త. ఇన్నేండ్లు మైకుల వేరేటోళ్ళ తెలుగు మాట్లాడిన. ఇంట్ల మొగనితోని గూడ గదే మాట్లాడిన. ఇగ చాలు.

మా ఆయన పేరు క్రాంతికుమార్. గుడివాడ మనిషి, సౌండ్ ఇంజనీరు. నేను మైకు ముందు నిలవడితె, అద్దానికి అవతల మిషను ముందు కూసునేది ఆయనే. తెర మీది పెదవికి నా మాట సరిగ్గ కూసున్నదా లేదా చూసుడు ఆయన పని. పెండ్లికి ముందుగాల నా తెలుగును సాపు చేసింది గూడ ఆయనే. "గిట్ల కాదు, ఇలా. గాడ కాదు, అక్కడ," అని దిద్దుతుండె. గప్పట్ల నేను దాన్ని ప్రేమ అనుకున్న.

మార్చి ఆఖర్ల ఒక సినిమాకు చెప్తున్న. హీరోయిన్ తల్లి చచ్చిపోయే సీను. మాటలన్ని మంచిగనే వచ్చినయి. ఏడుపు కాడికి రాంగనే గొంతు మూసుకపోయింది. గాలి లోపలికి రాదు, బయటికి పోదు. ఎవరో తలుపేసి గొళ్ళెం పెట్టినట్టయింది.

హెడ్‌ఫోన్ల క్రాంతి గొంతు వచ్చింది. "భువనా, ఏడుపు."

"నీళ్ళు తాగి చెప్తా," అన్న.

నీళ్ళు తాగిన. వేడి నీళ్ళు తాగిన. మిరియాల చాయ్ తాగిన. ఏం కాలే. డైరెక్టర్ పిలగాడు మంచోడే, కొంచెం సేపు చూసిండు, ఇగ లాభం లేదని చిన్నిని పిలిపిచ్చిండు. చిన్ని కొత్తగ వస్తున్న ఆర్టిస్టు. మాటలు భువనవి, ఏడుపు చిన్నిది. రెండూ అతికిచ్చిన్రు. నేను బయట సోఫాల కూసోని నా ఏడుపు వేరే పిల్ల ఏడుస్తుంటె ఇన్న. పండ్లు నూరుకున్న.

ఇంటికి పోంగ కార్ల క్రాంతి అన్నడు, "రఘునందన్ గారి సినిమా జూన్‌లో డబ్బింగ్ మొదలు. హీరోయిన్ వాయిస్ నీకే ఇవ్వాలని ఎంత కష్టపడి మాట తీసుకున్నానో తెలుసా? ఈలోపు గొంతు బాగు చేసుకో. అది పోయిందంటే ఇంక నిన్నెవరూ పిలవరు."

రఘునందన్ పెద్ద డైరెక్టర్. అంతకు ముందటేడు ఆయన సినిమాల నేను పెట్టిన కేకతోనే నాకు పేరొచ్చింది. క్రాంతి చెప్పింది అబద్ధం గాదు. ఏడ్వరానిదాన్ని ఎవరు పిలుస్తరు.

మా అమ్మ రాజమ్మ షేక్‌పేటకెల్లి వచ్చి ఉప్పు మిరపకాయలు తీసి దిష్టి అన్నది. గొంతు డాక్టర్ పైపు పెట్టి చూసి, అంత మంచిగనే ఉన్నదన్నడు. "కొన్నిసార్లు గొంతులో ఏమీ లేకపోయినా ఒళ్ళు బిగించేస్తుందమ్మా," అని ఒక మేడం పేరు రాసిచ్చిండు. ఒంటి మీద ధ్యాస పెట్టిచ్చుకుంట మాట్లాడిస్తదట. నాకు నమ్మకం లేకుండె. అయిన పోయిన, జూన్ దగ్గరికొస్తున్నది గదా.

జూబ్లీహిల్స్ల ఒక పాత బంగళా పై అంతస్తు. మేడం పేరు బాలాత్రిపురసుందరి. కాకినాడ మనిషి, జుట్టు సగం నెరిసింది. పోంగనే నాకు ఆమె మీద కోపమొచ్చింది, ఎందుకంటె ఆమెకు తొందర లేదు.

"గొంతు దగ్గర ఇప్పుడు ఏముందండీ?" అని అడిగింది.

"గొంతే ఉందండీ," అన్న.

"బిగుతుగా ఉందా, బరువుగా ఉందా, అసలేమీ తెలియట్లేదా?"

"నేను మాట్లాడటానికి వచ్చానండీ. యోగాకి కాదు."

"మాట్లాడుకుందాం. మాట్లాడుతున్నప్పుడు ఒళ్ళు ఏం చేస్తోందో కూడా చూసుకుంటూ మాట్లాడుకుందాం, అంతే," అన్నది. జర సేపైనంక, "నా కుర్చీ కొంచెం మీ దగ్గరికి జరుపుకోనా?" అన్నది.

"సరేనండీ."

జరిపింది. "ఇంకొంచెం?"

"పర్లేదండీ."

ఆమె జరపలే. నా దిక్కు చూసుకుంట, "భువనగారూ, మీ నోరు పర్లేదంది. మీ వీపేమో వెనక్కి వెళ్ళి కుర్చీకి అతుక్కుపోయింది. కాళ్ళు కుర్చీ కిందికి ముడుచుకుపోయాయి. నేను ఎవరి మాట వినమంటారు?" అన్నది.

చూసుకుంటె నిజమే. దొంగతనం చేసుకుంట దొరికినట్టయి ఒళ్ళు మండింది.

"నేను ఎంత దూరంలో ఉంటే మీకు ఊపిరి బాగా ఆడుతుందో అక్కడికి నన్ను పంపించండి," అన్నది.

మైకుకు నా నోటికి ఎంత దూరముండాల్నో చెప్పినోళ్ళు శానమంది ఉన్నరు. మనిషికి నాకు ఎంత దూరముండాల్నో నన్ను అడిగినోళ్ళు లేరు. "జర ఎనకకు జరుగుండ్రి," అన్న. "ఇంక జర."

మేడం కిటికి దాంక జరిగింది. నా గొంతుల గాలి పారింది. నేనన్నది షేక్‌పేట తెలుగుల అన్ననని గప్పుడు సోయికొచ్చింది. సంతోషమైతదనుకున్న గని కాలే, ఇంకింత కోపమొచ్చింది. ఇంత అల్కటి పని ఇన్ని రోజులు ఎవ్వరు ఎందుకు చెయ్యలే అని బండి నడుపుకుంట దారంత తిట్టుకున్న.

మళ్ళ పోయిన. ప్రతి బుధవారం పోయిన. మేడం పెద్దగ చెప్పేది ఏముండది. పాదాలు నేలకు ఆనుతున్నయా చూసుకొమ్మంటది. మాట్లాడుకుంట మాట్లాడుకుంట నేను దవడ బిగిస్తె, "ఇప్పుడు ఎవరు గుర్తొచ్చారు?" అంటది. అందరు ఈ వైద్యంతోని మనసు శాంతిస్తదంటరు. నాకు శాంతి గీంతి ఏం రాలే. కోపం మాత్రం రోజుకింత పెరిగింది. గిన్నెలు గట్టిగ పెడుతున్న. ఫోన్లు కట్ చేస్తున్న. నా తెలుగు గూడ మెల్లగ ఇంట్లకు వాపస్ వచ్చింది.

ఒకనాడు అన్నం తినుకుంట క్రాంతి నన్నే చూస్తుండు.

"ఏంది గట్ల చూస్తున్నవ్?" అన్న.

"స్లాంగ్ దిగిపోతోంది నీకు. జాగ్రత్త. ఇంట్లో అలవాటైతే మైకులో కూడా వచ్చేస్తుంది."

"వస్తె ఏమైతది?"

"ఏమవుతుందా? ఆ రోజు వచ్చిందిగా, రఘునందన్ గారి సినిమాలో. బంగారంలాంటి టేక్ పోయింది." తమాషాకే అన్నడు, నవ్విండు. నేను గూడ నవ్విన. నవ్వంగనే గొంతు మూసుకపోయింది. నోట్ల ముద్ద నోట్లనే ఉన్నది, లేసిపోయి బేసిన్ల ఉమ్మేసిన.

ఆ బుధవారం మేడంకు ముద్ద దిగని ముచ్చట చెప్పిన.

"ఆ తమాషా ఏంటో నాకూ చెప్పండి," అన్నది.

అది నేను ఇండస్ట్రీల పది మందికి చెప్పి నవ్విచ్చిన ముచ్చటే. గట్లనే నవ్వుకుంట షురూ చేసిన. విలన్ హీరోయిన్ గొంతు పిసికే సీను. ఎన్ని టేకులు చెప్పినా రఘునందన్‌కు ఫీల్ వస్తలేదు. అద్దం అవతలకెల్లి లేసి లోపలికొచ్చిండు. నా ఎనక నిలవడి, "కోఆపరేట్ చెయ్యమ్మా, ఆర్ట్ కోసం," అనుకుంట నా మెడ పట్టిండు. తెర మీద సీను నడుస్తుంది. నేను చెప్తున్న. ఆయన వత్తిండు. ఉత్తగ పట్టుకుంటడనుకున్న గని నిజంగనే వత్తిండు. ఊపిరి ఆడలే. ఒద్దు అన్న.

గప్పుడు హెడ్‌ఫోన్ల మా ఆయన గొంతు. "భువనా, 'ఒద్దు' అని పడింది. 'వద్దు' అనాలి. స్లాంగ్ వచ్చేసింది. వన్ మోర్."

ఈ మాట కాడ అందరు నవ్వుతరు. మేడం నవ్వలే.

"తర్వాత?"

"తర్వాత ఏమున్నది. మళ్ళ వత్తిండు. ఈసారి వద్దు అని సక్కగ చెప్పిన. టేక్ ఓకే. అందరు చప్పట్లు కొట్టిన్రు."

"మీ చేతులు చూసుకోండి," అన్నది మేడం మెల్లగ.

నా కుడి చెయ్యి నా ఎడమ చెయ్యి మణికట్టును పట్టుకొని ఉన్నది. గోర్లు దిగినయి. నా చెయ్యి లేవకుండ నేనే పట్టుకున్న.

"ఆ ఎడమ చెయ్యి ఏం చేద్దామనుకుంది?"

"తోసేద్దామనుకుంది."

ఆమె ఒక మందపు దిండు గోడకు ఆనిచ్చి పట్టుకున్నది. "ఇప్పుడు తొయ్యొచ్చు. తొందరేం లేదు. కాళ్ళు నేల మీద ఉన్నాయో లేదో చూసుకోండి, మెల్లగా మొదలుపెట్టండి. ఎక్కడ ఆపాలనిపిస్తే అక్కడ ఆపేద్దాం."

తోసిన. ముందుగాల ఏం లేకుండె. జర సేపటికి పొట్టల వేడి లేసి భుజాలకు ఎక్కింది, చేతులకు దిగింది. కాళ్ళు గడగడ వణికినయి. నోట్లకెల్లి తిట్లొచ్చినయి, అవి మా అమ్మ గూడ ఇని ఉండది. రఘునందన్‌ను తిడుతున్న అనుకున్న. తోసుకుంట తోసుకుంట ఉంటె నాకు ఇనవడుతున్నది మాత్రం వాని గొంతు గాదు. వన్ మోర్, వన్ మోర్ అంటున్న గొంతు.

చేతులు దించి కింద కూలవడ్డ. "మా ఆయన నా ఒద్దును ఇన్నడు మేడం," అన్న. "ఇని, ఉచ్చారణ దిద్దిండు."

మేడం నా ముందర కింద కూసున్నది, దూరంగనే. ఏం సలహా ఇయ్యలే. "నీళ్ళు తాగుతారా?" అన్నది, అంతే. ఒణుకు తగ్గేదాంక ఇద్దరం గట్లనే కూసున్నం.

క్రాంతికి ఈ సంగతి ఎట్ల చెప్పాల్నా అని నేను లోపల్లోపల కొట్లాడుకుంటుంటె, మే ఆఖర్ల ఆయనే ఉరుక్కుంట వచ్చిండు. మొఖం ఎలిగిపోతుంది.

"భువనా, రఘునందన్ గారి సినిమా మొత్తం తెలంగాణ స్లాంగేనట. హీరోయిన్ ఇక్కడి బస్తీ అమ్మాయి. ఇంక నువ్వు ఎంత కావాలంటే అంత మాట్లాడుకో ఆ భాష. వాయిస్ టెస్ట్ కూడా అక్కర్లేదన్నారు. శాంపిల్ నేనే పంపించాను, విని ఎగిరి గంతేశారు."

"ఏం శాంపిల్?"

"రేపు డబ్బింగ్ థియేటర్‌కి రా. సర్‌ప్రైజ్."

రఘునందన్ మొఖం మీదనే చెప్పొద్దామని పోయిన. నీ సినిమా నేను చెప్ప, అని ఒక్క మాట అని వచ్చుడే అనుకున్న. పొద్దుగాలనే ఆయన సోఫాల కాలు మీద కాలేసుకొని కూసున్నడు. "రామ్మా, నీలో ఇంత ఉందని ఇన్నాళ్ళూ దాచావు కదా," అన్నడు. క్రాంతి మిషను మీద ఏదో నొక్కిండు.

పెద్ద స్పీకర్లల్ల ముందుగాల ఊపిరి ఆడని సప్పుడు వచ్చింది. దాని ఎనకనే నా గొంతు. ఒద్దు.

ఆ పోయిన టేకు. పనికిరాదని పక్కన పడేసిన టేకు. క్రాంతి దాన్ని దాచిపెట్టుకున్నడు, తీసి శాంపిల్ అని పంపిండు. నాకు మేలు చేస్తున్న అనుకొని పంపిండు.

"ఇదీ ఒరిజినల్ అంటే," అన్నడు రఘునందన్. "ఈ మట్టివాసన ఇంకే ఆర్టిస్ట్ దగ్గరా లేదు. సినిమా అంతా నాకు ఈ ఒద్దే కావాలి."

కాళ్ళు నేలకు ఆనిచ్చుకొని నిలవడ్డ. "క్రాంతీ, బొమ్మతోని కలిపి వెయ్యి," అన్న.

"ఎందుకిప్పుడు?"

"వెయ్యి."

వేసిండు. తెర మీద ఆ హీరోయిన్ మెడ మీద విలన్ చెయ్యి. పిల్ల పండ్లు బిగబట్టి గుడ్లు తేలేసింది. నా ఒద్దు వచ్చింది. పిల్ల నోరు మూసుకొనే ఉన్నది. ఆమె వద్దు అనేది ఆ తర్వాత, విలన్ చెయ్యి తీసినంక. ఆ మాటకు ఇంక టైముండె.

"ఆమె నోరు కదిలిందా?" అన్న.

క్రాంతి తెర దిక్కే చూస్తున్నడు.

"నీ పనేంది? పెదవికి మాటకు కలిసిందా లేదా చూసుడే గద. ఆ పిల్ల నోరు కదల్లే. మరి గా ఒద్దు ఎవలది?"

క్రాంతి చెయ్యి మిషను మీద ఆగిపోయింది. మొఖం తెల్లగయింది. అర్థమైందని నాకు అర్థమైంది.

రఘునందన్ సోఫాలకెల్లి అన్నడు, "సింక్‌దేముందమ్మా, తర్వాత సర్దుకోవచ్చు."

ఆయన దిక్కు తిరిగిన. "మీ సినిమా నేను చెప్ప సార్. మీరు నా మెడ వత్తిన సంగతి మా డబ్బింగ్ సంఘంల చెప్త." క్రాంతి దిక్కు చూసి, "గా టేకు నాకు కావాలె. పైలంగ పెట్టు, పోనియ్యకు," అన్న. గొంతు వణకలే. మెట్లు దిగి వచ్చేసిన.

మధ్యాహ్నం క్రాంతి ఇంటికొచ్చిండు. చెప్పులిడిసి గోడ కాడనే నిలవడ్డడు. "ఆ రోజే కనిపించింది నాకు," అన్నడు. "నోరు కదల్లేదని. నువ్వు ముందే అనేశావనుకున్నాను. ఇంక దాని గురించి ఆలోచించలేదు. తప్పు నాదే భువనా."

నిజం చెప్పాల్నంటె, నా మనసు జర మెత్తవడ్డది. ఒక్క మనిషన్న ఒప్పుకున్నడు అనిపిచ్చింది. కూసో అందామనుకున్న.

"ఇంక నీకు ఆ బాధ ఉండదు," అన్నడు. "డిలీట్ చేసేశాను. సార్ కళ్ళ ముందే చేసేశాను. బ్యాకప్‌లో కూడా లేదు, సార్‌కి పంపిన కాపీ కూడా తీసేయించాను. ఇంక దాన్ని ఎవరూ వినరు."



"పైలంగ పెట్టుమన్న గద."

"కోపంలో అన్నావనుకున్నా. అది వింటే నువ్వెలా అయిపోయావో చూశాగా. నీ కోసమే చేశాను."

"నన్నడిగినవా?" అన్న. "ఒక్కసారన్న నన్నడిగినవా?"

ఆ మాట మీదనే వచ్చింది. గొళ్ళెం ఊడి తలుపు గోడకు కొట్టుకున్నట్టు వచ్చింది. ముక్కు కారింది, నోరు వంకరవోయింది, ఎక్కడ ఊపిరి తీసుకోవాల్నో తెల్వలే. మైకు ముందు ఇట్ల ఏడిస్తె ఎవ్వడు ఓకే చెయ్యడు. మా షేక్‌పేట ఆడోళ్ళ ఏడుపు అది, తిట్టుకుంట, నేలను కొట్టుకుంట ఏడిచే ఏడుపు. పక్క ఫ్లాట్ల తలుపు తీసి చూసిన్రు. చూస్తె చూడనియ్యి అనుకున్న.

క్రాంతి భయపడ్డడు ముందుగాల. ఒక అడుగు ముందుకేసిండు, ఆగిండు. చెవి జర పక్కకు వంచిండు, మిషను కాడ వంచినట్టే. మెల్లగ మొఖం ఇప్పారింది.

"భువనా, వచ్చేసింది," అన్నడు. "చూశావా, గొంతు వచ్చేసింది."

నేను ఏడుపు ఆపలే. ఏడ్చుడు ఐపోయినంక మొఖం కడుక్కొని, సంచి సర్దుకొని షేక్‌పేటకు ఆటో మాట్లాడుకున్న. ఆపుదామని మెట్ల దాంక వచ్చిండు గని చెయ్యి పట్టుకోలే.

జూన్ల సంఘం ఆఫీసుకు పిలిచిన్రు. రఘునందన్ రాలే, పని ఉన్నదని కబురు పంపిండు. బల్లకు అవతల కూసున్న పెద్దమనిషి వెంకటేశ్వరరావు గారు నేను చెప్పిందంత మర్యాదగ ఇన్నడు. ఇని, "అంత పెద్ద డైరెక్టర్ మీద చెబుతున్నావు. ఆధారం ఏమైనా ఉందామ్మా?" అన్నడు.

"ఉండె," అన్న. "మా ఆయన చెరిపిండు."

ఆయన కండ్లద్దాలు తీసి చూసిండు.

"చెరిపినాయన బయట కూసున్నడు సార్. పొద్దుగాలకెల్లి కూసున్నడు. నేను రమ్మనలే, పొమ్మనలే. పిలువుండ్రి. అద్దం అవతలకెల్లి అంత చూసింది ఆయనే."

పిలిచిన్రు. క్రాంతి వచ్చి నా పక్క కుర్చీల కూసున్నడు. గడ్డం పెరిగింది. వెంకటేశ్వరరావు గారి దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు, నోరు తెరిసి మూసుకున్నడు. ఈ మనిషి నోరు ఇప్పితె రఘునందన్ ఉన్న ఏ థియేటర్ల గూడ మళ్ళ మిషను ముందు కూసోడు. అది నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. నాకు జాలి రాలే.

"ఇగ చెప్పు," అన్న. "నీ భాషలనే చెప్పు. నేను దిద్ద."